ముసలమ్మ బుగ్గ

మే 28

అర్ధమొగుడు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. అసలు మొగుడు ఇన్నేళ్ళలో నాకు ఒక్క ఆర్డరు వెయ్యలేదు. నువ్వు ముద్ర కొట్టి మరీ వేశావు. "మీ విత్తన నిల్వ గదిలోని పాత జొన్న రకాల్లో పన్నెండింటిని పరీక్ష నిమిత్తం వెంటనే పంపవలెను" అట! కింద నీ సంతకం, దాని కింద నీ హోదా, ఆ హోదా కింద ఇంకో హోదా. ఆ కాగితం మీ అన్నయ్యకి చూపించి, "ఈవిడ మీ చెల్లెలేనా, ఏదైనా కంపెనీయా?" అనడిగాను. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగొద్దు. వాచీలు బాగుచేసుకునేవాణ్ణి, నాకు జొన్నలెందుకు?" అన్నాడు. ఆయనెప్పుడూ అంతే.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమెందుకంటావేమో. పోయినసారి ఫోన్లో నువ్వు అరిచావు, నేను పెట్టేశాను. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యడం నీకు కుదరదు. చచ్చినట్టు చివరిదాకా చదవాలి. ఎలాగూ విత్తనాల పార్సిల్ పోస్టులో వెళ్ళాల్సిందే కాబట్టి ఇదీ అందులోనే పెడుతున్నాను.

పన్నెండు రకాలూ ఉన్నాయి. తెల్లవి నాలుగు, ఎర్రవి మూడు, పిట్టలు నోట పెట్టలేని వగరువి రెండు, మనిషికి రెండింతలు పెరిగేది ఒకటి, చుట్టూ అన్నీ ఎండిపోయినా పచ్చగా నిలబడేది ఒకటి. పన్నెండోది నీకు గుర్తుండే ఉంటుంది. పోయిన చలికాలం మీ డైరెక్టరుగారు టై కట్టుకుని, నలుగురు అతిథుల్ని వెంటేసుకుని మా చల్లగదికి వచ్చినప్పుడు, ఆ గింజని అరచేతిలో వేసుకుని నువ్వు, "వదినా, ఇది విత్తనమా, ముసలమ్మ బుగ్గా?" అన్నావు. అందరూ విరగబడి నవ్వారు. టై గారైతే కళ్ళు తుడుచుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ గదిని కంటికి రెప్పలా చూసుకుంటున్నదాన్ని, తాళాల గుత్తి పట్టుకుని వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను.

ఈసారి నీకు వంక దొరకదులే. ఆ పాకెట్లో కొంత ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద పళ్ళెంలో పోసుకుని, కొత్త కళ్ళజోడు పెట్టుకుని మరీ నీ కోసం సిద్ధం చేశాను. చూసి నోరు మూసుకో.

ఇట్లు,
మీ అన్నయ్య పెళ్ళాం (అంతకు మించి నీకు ఏమీ కానిది)


జూన్ 21

మహారాజశ్రీ విత్తన మ్యూజియం వారికి,

వదినా, మీ పార్సిల్ చేరింది. ఉత్తరం చివరిదాకా చదివాను. మధ్యలో రెండుసార్లు టీ తాగాల్సొచ్చింది.

మీ పన్నెండోదాన్ని విప్పి ఆశ్చర్యపోయాను. ముసలమ్మ ఏదని వెతికాను. గింజలన్నీ గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉన్నాయి! మరి ఆ రోజు గదిలో నా చేతిలో పెట్టినవేమిటి? పుచ్చిపోయినవా? ఎండబెట్టకుండా డబ్బాలో కుక్కినవా? అతిథుల ముందు అలాంటివి పెట్టి, నేను నవ్వితే నా మీద అలిగారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఇంత మంచి విత్తనం ఉండగా ఇన్నాళ్ళూ చెత్త చూపిస్తూ వచ్చారంటే, ఆ గది ఎలా నడుస్తోందో అర్థమైంది.

అన్నట్టు మీకు తెలియాల్సిన సంగతొకటుంది. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మీ చల్లగది కరెంటు ఖర్చు మీద కమిటీ కూర్చుంది. నాలుగు అలమార్లలో మూడు ఖాళీ చెయ్యాలంటున్నారు. నేను మీ తరఫునే మాట్లాడాను, నమ్మితే నమ్మండి. ఇరవై ఏళ్ళ నుంచీ ప్రతి మీటింగులో మీరు ఒకటే పాట కదా: "ఆ ముడత జొన్నలో లైసిన్ ఉంది, మామూలు జొన్నలో తక్కువ పడేది అదే, పిల్లల ఎదుగుదలకి కావలసింది అదే, ఎప్పుడో ఒకాయన పరీక్ష చేసి చెప్పాడు" అని. ఆ పాట డైరెక్టరుగారికి కూడా వినిపించాను. "సరే, అది నిజమని తేలితే గది మొత్తం ఉంచుదాం. తేలకపోతే మూడు అలమార్లూ ఎత్తేద్దాం" అన్నారాయన. పరీక్ష చెయ్యాల్సింది నేనే. కాబట్టి ఇక మీ ముసలమ్మే మిమ్మల్ని కాపాడాలి.

నాకూ అది కావాలి, దాచుకోవడం దేనికి. నేను తయారుచేసిన పొట్టిరకం కంకికి రెట్టింపు గింజ ఇస్తోంది. కానీ లోపలంతా వట్టి పిండి, కడుపు నిండుతుంది తప్ప ఒంటికేమీ పట్టదు. మీదాంట్లో నిజంగా బలముంటే నాదాంతో కలిపి సంకరం చేస్తాను. అలా అయినా మీ మ్యూజియం జన్మలో ఒక్కసారి పనికొస్తుంది.

విత్తాం. మొలకలు బాగా వచ్చాయి.

మీ శ్రేయస్సు కోరే (కోరక తప్పని),
చిన్నాడపడుచు


జూలై 6

పొట్టిరకం తల్లికి,

కాకిపిల్ల కాకికి ముద్దు. నీ పొట్టిది నీకు ముద్దు. ఒకటే ఎత్తు, ఒకటే రోజు పూత, ఒకటే మొహం. పొలం చూస్తే బడి ముందు వరసగా నిలబెట్టిన యూనిఫాం పిల్లల్లా ఉంటుంది. ఆ వరసలో ఒకడికి గజ్జి వస్తే అందరికీ వస్తుందని నీ పెద్ద చదువులో చెప్పలేదా? పదిహేనేళ్ళ క్రితం ఇలాగే ఒక ముద్దుల రకం ఎక్కడ చూసినా వేశారు. బూజు తెగులొచ్చి కంకులన్నీ నల్లగా మాడిపోయాయి. అప్పుడు తెగులు తట్టుకునే జొన్న కోసం మీవాళ్ళు ఎక్కడికి పరిగెత్తుకొచ్చారు? నా గదికే. నాలుగో అలమారు కింది అరలో, ఎవరూ కన్నెత్తి చూడని బక్క ఎర్రజొన్న ఒకటి దొరికింది. మీ టై గారు అప్పుడు కుర్రాడు. పాకెట్ తీసుకుని నాకు నమస్కారం పెట్టాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు!

నా గదిలో పుచ్చు విత్తనమా? నోరు జాగ్రత్త. నీకు పంపినవి కళ్ళారా చూశావుగా, అదీ నా పనితనం. ఆ రోజు నీ చేతిలో పడిందేమిటో, ఎందుకలా ఉందో నీకు విడమర్చి చెప్పాల్సిన ఖర్మ నాకు లేదు.

జొన్న పూత మీదున్నప్పుడు పక్క మడి పుప్పొడి వచ్చి పడితే రకం చెడిపోతుంది కాబట్టి కంకి కంకికీ కాగితపు సంచి తొడగాలి. నీకు తెలుసులే, నీ పొలంలో ఎంతమందితో తొడిగిస్తావో. నేను దగ్గరుండి తొడిగిస్తాను. నాలుగేళ్ళ క్రితం ఆ ముడతదాన్ని మళ్ళీ విత్తి కొత్త విత్తనం తీసినప్పుడు గాలివానకి సంచులు సగం చిరిగిపోయాయి. తడిసి ముద్దయి, జ్వరం తెచ్చుకుని, అన్నిటికీ మళ్ళీ కట్టించాను. మీ అన్నయ్యనడుగు. ఇలాంటిదాన్ని పట్టుకుని డబ్బాలో కుక్కానంటావా?

పరీక్ష నీ చేతిలో ఉందని ఎగిరిపడకు. జొన్నకి నువ్వెవరో తెలీదు, హోదాలూ తెలీవు. ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అది చెప్పిన రోజున నీ మొహం చూడాలని ఉంది.

మీ అన్నయ్య నిన్నడిగానని రాయమన్నాడు. రాశాను.

తాళాలున్న
వదిన


నవంబరు 24

తాళాలున్న వదినకి,

ఆ తాళాలు జాగ్రత్తగా పెట్టుకోండి. త్వరలో అప్పగించాల్సి రావచ్చు.

జొన్న ఉన్నది ఉన్నట్టు చెబుతుందన్నారు కదా, చెప్పింది. మీ పన్నెండోదాంట్లో ఏమీ లేదు! లైసిన్ బజార్లో అమ్మే జొన్నలో ఎంతుందో దీంట్లోనూ అంతే. రెండుసార్లు చేయించాను. లాబ్ అతను కాగితం ఇస్తూ, "మేడమ్, దీని కోసమా ఇంత హడావిడి?" అన్నాడు. ఎప్పుడో ఒకాయన పరీక్ష చేశాడన్నారే, ఆయనకి ఆ రోజు కళ్ళజోడు లేదేమో. ఇరవై ఏళ్ళుగా మీరు పాడిన పాటకి పల్లవే తప్పు. పైన పటారం, లోన లొటారం.

ఇందులో నా పక్షపాతమేమీ లేదు. పైగా మీ పరువు కాపాడాను. కంకుల్లో మధ్యమధ్య ముడతలు పడ్డ తాలు గింజలు చాలానే ఉన్నాయి. అలాగే పంపితే లాబ్‌లో నవ్వుతారని, గాలిమిషన్లో పోసి ఆ తాలంతా ఎగరగొట్టించాను. నిండుగా ఉన్నవి మాత్రమే పరీక్షకి పంపాను. అయినా ఇదీ ఫలితం.

రిపోర్టు కమిటీకి వెళ్ళింది. "ప్రత్యేక గుణమేదీ కనబడలేదు" అని రాశాను. అంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు. ముసలమ్మ కంకి ఒకటి నూర్చకుండా నా బల్ల మీద పెన్నుల డబ్బాలో నిలబెట్టాను. వచ్చినవాళ్ళకి చూపించి, ఇది మా వదిన ఇరవై ఏళ్ళు పాడిన పాట అని చెబుతున్నాను.

నేనేదో మీ మీద కక్ష కట్టానని అన్నయ్యకి చాడీలు చెప్పకండి. ఉన్న మాటంటే ఉలుకెక్కువ.

సెలవు,
యూనిఫాం పిల్లల తల్లి


డిసెంబరు 9

నీకు,

మొదటి అలమారు ఖాళీ అయింది.

నిన్న పొద్దున్న ఇద్దరు మనుషులు గోనెసంచులు తెచ్చారు. నేను తాళం తీశాను. పాకెట్లు ఒక్కొక్కటే చించి సంచుల్లోకి దులిపారు. తెల్లవీ, ఎర్రవీ, నల్లవీ, గోధుమరంగువీ అన్నీ కలిసిపోయాయి. ఎవరెవరి పొలాల్లోంచో, ఎవరెవరి అటకల మీంచో నాకంటే ముందువాళ్ళు బస్సుల్లోనూ కాలినడకనా తిరిగి ఏరి తెచ్చినవి. అందులో కొన్ని ఇప్పుడు ఇంకెక్కడా లేవు. నీ ముడతదాని పాకెట్ చించేటప్పుడు ఆ మనిషి, "ఇదేంటమ్మా, పుచ్చులా ఉంది?" అన్నాడు. అవునయ్యా, పుచ్చే, మా ఆడపడుచు చెప్పిందన్నాను.

సంచులు కోళ్ళఫారానికి వెళ్ళాయి. కోళ్ళు మీ కమిటీ కంటే నయం. ముక్కున పట్టుకునే ముందు ఒకసారి చూస్తాయి.

మిగతా రెండు అలమార్లూ ఫిబ్రవరిలోనట. మార్చిలో ఎలాగూ నా ఉద్యోగం అయిపోతుంది. మీ అన్నయ్యకి చెబితే చేతిలో వాచీ కింద పెట్టాడు. తర్వాత లేచి గోడ మీదున్న నీ పట్టాల ఫోటోని మొహం అటు తిప్పి పెట్టాడు. ఆయన జీవితంలో ఎవరి పక్షమైనా వహించడం ఇదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. నీ ముందు కాదు కాబట్టి ఏడ్చాను.

జవాబు రాయకు.

వదిన


డిసెంబరు 16

వదినా,

జవాబు రాస్తున్నాను. తిడితే తర్వాత తిట్టండి. ముందు నేనడిగినదానికి సూటిగా చెప్పండి. మీరు నాకు పంపింది ఏరి పంపారా?

మొన్న డైరెక్టరుగారు ఫోన్లో గంటసేపు ఏదో చెబుతున్నారు. విసుగొచ్చి పెన్నుల డబ్బాలోని ఆ కంకిని వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాను. గింజలు బల్ల మీద రాలాయి. ఊరికే, ఏమీ తోచక నున్నవొక పక్కకీ ముడతవొక పక్కకీ జరిపాను. మూడు నున్నవాటికి ఒక ముడతది. ఇంకాస్త నలిపాను. మళ్ళీ మూడింటికి ఒకటి. కంకి మొత్తం అంతే! ఆయన, "వింటున్నావా?" అంటున్నారు. ఏం వినను?

నిండక తాలయిపోతే ఇలా లెక్క ప్రకారం తాలవ్వవు. మూడుకి ఒకటి అంటే బడిపిల్లలు కూడా చెబుతారు. అది రెండు రకాలు కలిసినప్పుడు వచ్చే లెక్క. అంటే నేను విత్తినవి ముసలమ్మ సొంత బిడ్డలు కావు, పక్క మడి పుప్పొడికి పుట్టినవి. పైకి తండ్రి పోలిక, నున్నగా. వాటి పిల్లల్లో నాలుగింట ఒకటి మళ్ళీ ముసలమ్మ పోలిక. ఆ నాలుగో దాన్నే నేను తాలని ఎగరగొట్టించాను.

మీ పాత కాగితాలు ఇప్పుడు తెప్పించుకుని చదివాను. ఆ జొన్నలో పిండి తక్కువ, మొలక భాగం పెద్దది. బలమంతా అక్కడే ఉంది. పిండి తక్కువ కాబట్టే ఎండాక లోపలికి ముడుచుకుంటుంది. ముడతలేకపోతే అది అది కాదు. ఈ మాట మీరు ముందే ఎందుకు చెప్పలేదు? జూలైలో చెప్పాల్సిన ఖర్మ లేదన్నారు. చెప్పుంటే మీ సొమ్మేం పోయేది?

ముడత జొన్నలో నున్న గింజలు ఎలా వచ్చాయి? వస్తే వచ్చాయి, అవే నా పాకెట్లోకి ఎలా చేరాయి?

మీ పాకెట్ కోళ్ళకి వెళ్ళింది. నా తాలు ఎప్పుడో గాలికి పోయింది. నా దగ్గర ఈ ఒక్క కంకిలోని ముడత గింజలు, గుప్పెడు కూడా లేవు. అవీ సగం పొరుగింటి రక్తం.

త్వరగా రాయండి.


డిసెంబరు 23

పెద్ద చదువుల అమ్మాయికి,

ఏరాను.

ఎందుకేరానో అడుగు. అడక్కపోయినా చెబుతాను. నువ్వు బుగ్గన్నావు కాబట్టి! నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు కాబట్టి, మళ్ళీ అవే ముడతలు పంపితే మళ్ళీ అదే నవ్వు నవ్వుతావని, పళ్ళెంలో పోసుకుని అక్కడొకటీ ఇక్కడొకటీ ఉన్న నున్నటివి వెతికి వెతికి ఏరాను. రెండు సాయంత్రాలు కూర్చున్నాను, మెడ పట్టేసింది. సంచులు చిరిగిన ఏడు మళ్ళీ కట్టించేలోపే పొరుగు పుప్పొడి పడ్డట్టుంది. వాటినే మంచి విత్తనం అనుకున్నాను. అది ముడత గింజ అని నా చేత్తో నేనే రిజిస్టర్లో రాసుకున్నాను. మొహం వేరు, గుణం వేరు అనుకున్నాను. దాని మొహమే దాని గుణమని నాకు తట్టలేదు. ఇరవై తొమ్మిదేళ్ళు కాపలా కాసినదాన్ని, మరదలి ముందు అందంగా కనబడాలని దొంగ పిల్లల్ని ముస్తాబు చేసి పంపాను. నవ్వుకో.

నవ్వు అయ్యాక నీ సంగతి కూడా చూసుకో. గురివింద గింజకి తన కింద నలుపు తెలీదట. నేను నీ నవ్వుకి భయపడి ఏరాను. నువ్వెవరికి భయపడి ఎగరగొట్టించావు? లాబ్‌లో వాళ్ళు నవ్వుతారనేగా? పరువు నాదన్నావు. నీది కాదూ?

సరే, అసలు సంగతికొస్తాను. నీ ఉత్తరం చదివి ఇల్లంతా తిరగేశాను. నున్నవి నీకు పంపాక పళ్ళెంలో ముడతవి మిగిలాయి కదా. వాటిని గదికి తీసుకెళ్ళి మళ్ళీ పాకెట్లో కలపాలనుకుని మర్చిపోయాను. మీ అన్నయ్యనడిగితే, "భోజనానికి పళ్ళెం కావలసొచ్చి దేంట్లోనో పోశాను, దేంట్లో పోశానబ్బా" అన్నాడు. పూటంతా గుర్తుతెచ్చుకున్నాడు. వంటింటి డబ్బాలన్నీ దింపించాడు. చివరికి వాచీల బల్ల సొరుగులో, స్ప్రింగులూ ముళ్ళూ ఉండే చోట, ఆయన పాత కళ్ళజోడు పెట్టెలో దొరికాయి. ఒక్క గింజ కూడా పోలేదు. పెట్టె నిండా ముడతలే.

నీ పెన్నుల డబ్బాలోవి సగం పొరుగింటివి. అసలువి నా దగ్గరున్నాయి. అది గుర్తుంచుకుని మాట్లాడు.

సగం ఇక్కడే ఉంచుకుని సగం దీంతో పంపుతున్నాను. ఏరలేదు. చెయ్యి కూడా పెట్టలేదు. ఎలా ఉన్నాయో అలాగే పంపాను. పరీక్షకి పట్టుకెళ్ళు. లాబ్‌లో నవ్వితే నవ్వనీ.

వదిన


ఫిబ్రవరి 11

వదినా,

రిపోర్టు వచ్చింది. మామూలు జొన్నకి రెట్టింపు కంటే ఎక్కువే ఉంది లైసిన్. లాబ్ అతను మిషను పాడైందనుకుని మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే వచ్చింది. మీ పాటకి పల్లవి సరిగ్గానే ఉంది.

నిన్న కమిటీ ముందు నిలబడ్డాను. నవంబరులో నేనిచ్చిన రిపోర్టు తప్పని చెప్పాను. ఎందుకు తప్పయిందో కూడా చెప్పాల్సొచ్చింది. తాలనుకుని ఎగరగొట్టించింది నేనేనన్నాను. మీరు ఏరిన సంగతి కూడా చెప్పాను, దాచలేదు. నా మీద కోపం వద్దు. ఒక్కదాన్నే మోయడానికి నేనేం మహాత్మురాలినా? ఒకాయన, "అంటే ఈ అలమారు ఖాళీ అయింది మీ వదినా మరదళ్ళ పోట్లాట వల్లనా?" అన్నాడు. అవునన్నాను. వచ్చే నెల నాకు రావాల్సిన పదవి వేరే ఆయనకి వెళ్ళింది. ఆయన విత్తనాన్ని ఫోటోలో చూసి గుర్తుపట్టే రకం. పోనీండి.

మిగతా అలమార్లు ముట్టుకోరు. రాసి సంతకాలు పెట్టారు. నకలు పంపుతున్నాను.

చివర్లో డైరెక్టరుగారు టై సర్దుకుని, ఆ గింజ ఒకటి అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పారు. "ఏమైనా చెప్పు, అచ్చం ముసలమ్మ బుగ్గలాగే ఉంది" అని నవ్వి, నేనూ నవ్వుతానని నా వైపు చూశారు. మీటింగులో అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"అది మా వదిన బుగ్గండీ. మెల్లగా పట్టుకోండి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆయన గింజని రెండు చేతులతో పాకెట్లో పెట్టారు.

మీ
చిన్నాడపడుచు


ఫిబ్రవరి 19

అమ్మాయ్,

నా బుగ్గకి అన్ని ముడతలు లేవు. మీ అన్నయ్యనడిగితే వాచీ మీంచి తలెత్తి చూసి, "ఉన్నాయేమో" అన్నాడు. ఆ పూట ఆయనకి భోజనం వడ్డించలేదు. పాపం నీ వల్లే.

మిగతావి ముట్టుకోరని మురిసిపోతున్నావు. ఆ మొదటి అలమారులో ఉన్నవాటినెవరు తిరిగి తెస్తారు? కోళ్ళు తినేశాయి. ఆ గింజలు ఏ గుణం మోసుకుని వచ్చాయో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇక తెలియదు కూడా. నీ మీద కోపం తగ్గిందని అనుకోకు. నా మీద నాకే తగ్గలేదు.

నా తర్వాత గది ఎవరికివ్వాలని నన్నడిగారు. నీ పేరు చెప్పాను. పదవి పోయినవాళ్ళకి తీరిక ఉంటుంది కదా అన్నాను. వచ్చేటప్పుడు ఆ రెండు హోదాలూ ఇంట్లో పెట్టి రా. గదిలో చలి ఎక్కువ, స్వెట్టరు తెచ్చుకో.

ఖాళీ అలమారులో మధ్య అర తుడిచి ఆ కళ్ళజోడు పెట్టె పెట్టాను. ప్రస్తుతానికి అందులో ఉన్నది అదొక్కటే. పెట్టె తిరిగి ఇమ్మని మీ అన్నయ్య రోజూ గొడవ. కొత్తది కొనుక్కోమన్నాను. నీ ఫోటో మాత్రం ఇటు తిప్పాడు.

వదిన